చిన్నాన్న చేపల గుంట

రాజోలి మా ఊరనగానే పట్నంలో నూటికి తొంభైమంది "కోనసీమలో గదండీ?" అంటారు. అది రాజోలు. మిగిలిన పదిమందీ కాస్త లోకజ్ఞానం కలవారు గనుక "ఆనకట్ట ఉన్న ఊరు కాబోలు" అంటారు. అది రాజోలిబండ. మాది ఉత్త రాజోలి. జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఒడ్డున, సుంకేసుల బరాజుకు దగ్గర్లో ఉంటుంది. గద్వాల చీర కట్టిన ఇల్లాళ్లకు మా ఊరు తెలియకపోయినా, మా ఊరి మగ్గం గుంటలకు ఆ ఇల్లాళ్లు బాగా తెలుసు.

ఈ సంగతి చెప్పవలసి రావడానికి కారణం మా చిన్నాన్న. పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్తే, అరిసె కొరికి నోట్లో పెట్టుకున్నానో లేదో, ఓ తెల్లకాగితం, ఓ కలం తెచ్చి నా ముందు పెట్టాడు.

"తెలుగులో ఎమ్మే చదివితివి. ఎన్నడన్నా మనకు పనికొచ్చిందా ఆ చదువు? ఇయ్యాల ఒక అర్జీ రాయి. కింద నువ్వూ సంతకం పెట్టు" అన్నాడు.

అర్జీ దేనికంటే, చేపల గుంటకు. మా తాతగారు వదిలిపోయిన రెండెకరాలు కుంట పక్కన ఉన్నాయి. మా నాన్నగారు పోయిన తర్వాత ఆ భూమి పంచుకోలేదు. కాగితాల్లో నా పేరూ, చిన్నాన్న పేరూ ఉమ్మడిగా ఉన్నాయి. పైన ఒక ఎకరం మెరక, కింద ఒక ఎకరం పల్లం. వానాకాలం కుంట నిండితే పల్లపు ఎకరం నీళ్లలో మునుగుతుంది. నీళ్లు తీసినాక శనగో జొన్నో చల్లుకుంటాం. మా వైపు ఇటువంటి భూమిని శిఖం అంటారు. పట్టా మనది, నీళ్లు మాత్రం చెరువువి. 1956 దాకా ఆలంపురం, గద్వాల తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో రాయచూరు జిల్లాకు చెందినవి గదా, ఆనాటి నిజాం లెక్కల మాటలు మా పొలాల్లో ఇంకా మొలుస్తూనే ఉన్నాయి. శిఖం, తరి, ఖుష్కీ, పహాణీ.

చిన్నాన్న ఆ పల్లంలో ఇరవై గుంటల మేర తవ్వి, చుట్టూ మనిషెత్తు గట్టు వేసి, చేపపిల్లలు వదులుదామంటాడు. లెక్కంతా వేళ్ల మీద వేసి చూపించాడు. అరెకరానికి వెయ్యి పిల్లలు. మూడువందలు పోయినా ఏడువందలు మిగులుతాయి. ఏడాదికి తలా ఒక కిలో.

నవ్వు వచ్చిందిగాని నవ్వలేదు. ఆయన చేపల దగ్గరికి ఎట్లా వచ్చాడో నాకు తెలుసు. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర పొంగి ఊరంతా మునిగినప్పుడు ఆయన రెండు మగ్గాలూ గుంటల్లోనే కుళ్లిపోయాయి. మళ్లీ అప్పు చేసి ఒకటి నిలబెట్టాడు. ఇప్పుడు అరవై దాటాయి, కన్ను జరీపోగును పట్టుకోవడం లేదు. పోగు పోగుకూ తడబడే నేతగాడికి కూలి ఎవరిస్తారు? చేపకు జరీ అక్కరలేదు గదా అంటాడాయన.

అర్జీ రాయడం నాకు క్షణం పని. సంతకం దగ్గరే కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే, మిమ్మల్ని కాసేపు కొల్లేటికి తీసుకుపోవాలి.

కొన్నేళ్ల కిందట కైకలూరులో ఓ మిత్రుడి ఇంట పెళ్లికి వెళ్లాను. పెళ్లి అయిన మర్నాడు ఆయన నన్ను ఆటపాక తీసుకుపోయాడు. అక్కడ నీళ్ల మధ్య చెట్ల మీద గూడబాతులు కాపురాలు పెట్టుకొని ఉంటాయి. ముక్కు కింద సంచి వేలాడేసుకొని, పెళ్లి సంబంధం కుదర్చడానికి బయలుదేరిన పెద్దమనుషుల్లాగా ఉంటాయవి. వాటిని చూస్తూ గంట గడిచింది. తిరిగి వస్తూంటే దారికి అటూ ఇటూ గట్లు, గట్ల నడుమ చెరువులు. "ఇందులో సరస్సు ఏదీ?" అని అడిగాను. మిత్రుడు మాట్లాడలేదు.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లు తెచ్చిన నీటిని పట్టుకొని, మెల్లగా ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపిస్తుంది. నీరు సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తుకు చేరితే 901 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. అయిదు అడుగుల ఎత్తుకైతే 308. ఆ అయిదడుగుల గీతనే అక్కడివాళ్లు అయిదో కాంటూరు అంటారు. కొల్లేటి గొడవంతా ఈ గీత మీదనే.

1970ల్లో జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, పేద బెస్తలు బాగుపడాలని సరస్సులో సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. మంచి ఉద్దేశమే. అయితే గట్టు వేస్తే లాభమని పేదవాడికి తెలిసిన మర్నాడే కలవాడికీ తెలిసింది. చెరువు పక్కన చెరువు, గట్టు పక్కన గట్టు వేసుకుంటూ పోయి సరస్సును ముక్కలు చేశారు. నీరు పోయే దారి మూసుకుపోయి, వాన వస్తే ఎగువ పొలాలు మునగడం మొదలయింది. 1999 అక్టోబరు 4న ప్రభుత్వం 120 నంబరు ఉత్తర్వుతో అయిదో కాంటూరు లోపలి భూమిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. 2006లో యంత్రాలు, మందుపాతర్లు తెచ్చి గట్లను పేల్చారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ గీత లోపల పద్నాలుగు వేల ఎకరాలకు పైగా జిరాయితీ భూములున్నాయి. అంటే తాతతండ్రులనాటి పట్టా భూములు. కైకలూరు పెళ్లిలో నా పక్కన విస్తరి ముందు కూర్చున్న ఓ రైతు ఆ సంగతే చెప్పాడు. "సరస్సును కబ్జా చేసినవాడి చెరువు పేల్చారు, సరే. నాది నా తాత కొన్న భూమి. శిస్తు కట్టాను, కాగితం ఉంది. నా గుంటలో నాలుగు చేపపిల్లలు వేసుకుంటే నేనూ దొంగనేనా మాస్టారూ? కావాలంటే భూమికి డబ్బిచ్చి తీసుకోండి. డబ్బూ ఇవ్వరు, చేపా వేయనివ్వరు" అన్నాడు. పప్పు కలుపుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది ఆయనకు. 2008లో శాసనసభ గీతను అయిదు నుంచి మూడుకు దించమని తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ గీత అక్కడే ఉండాలంది, సొంత భూమి కోల్పోయినవారికి పరిహారం మాత్రం ఇవ్వాలంది. నన్నడిగితే ఆ కమిటీ చెప్పినదే న్యాయం. సరస్సును కాపాడే ఖర్చు ఊరందరిది కావాలిగాని, పల్లంలో భూమి ఉన్నవాడి ఒక్కడిది కారాదు.

సంక్రాంతినాడు చిన్నాన్న కాగితం ముందు పెట్టగానే ఆ రైతు చెయ్యి గుర్తొచ్చింది. ఇంత ఉపోద్ఘాతం చెప్పి "చిన్నాన్నా, శిఖంలో గట్టు వేయకూడదు" అన్నాను.

"కొల్లేరెక్కడ, మన కుంటెక్కడ? మన భూమిల మనం గుంత తవ్వుకుంటే ఎవని అబ్బసొమ్మురా?" అని ఆయన అరిసెల పళ్లెం కూడా లోపలికి తీసుకుపోయాడు.

పంతులు ఉద్యోగంలో ఉన్న దుర్గుణం ఏమిటంటే, తెలియనిది తెలిసినట్టు చెప్పేసి, తర్వాత ఇంటికి వెళ్లి పుస్తకం చూస్తాం. నేనూ అదే చేశాను. తీరా చూస్తే చిన్నాన్న అన్నదాంట్లో సగం నిజమే.

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ అనే ఊళ్లో కొన్ని దేశాలు చేరి ఒక ఒడంబడిక రాసుకున్నాయి. దాని ప్రకారం సహజమైనవైనా మనిషి చేసినవైనా, ఏడాదంతా ఉండేవైనా కొన్ని నెలలే ఉండేవైనా, నీటి పల్లాలన్నీ చిత్తడి నేలలే. ఆ లెక్కన మా కుంటా చిత్తడి నేలే. మన దేశంలో 2017లో చేసిన నిబంధనలు మాత్రం వరిమళ్లను, నదీగర్భాలను, సాగునీటికో తాగునీటికో చేపల పెంపకానికో మనుషులు తవ్వుకున్న చెరువులను ఆ లెక్కలోంచి తీసేశాయి. వాటి కిందికి వచ్చే చిత్తడి నేలల్లోనైతే ఆక్రమణ కూడదు, చెత్త పోయకూడదు, మురుగు వదలకూడదు, సగటు గరిష్ఠ వరదమట్టం నుంచి యాభై మీటర్లలో పక్కా కట్టడం కట్టకూడదు.

ఇక్కడ తెలుగు పంతులుగా ఒక మాట. రెవెన్యూవారు 'తరి'ని ఇంగ్లీషులో వెట్‌ల్యాండ్ అంటారు. పర్యావరణంవారు చిత్తడి నేలనూ వెట్‌ల్యాండే అంటారు. మా పాత పహాణీలో పల్లపు ఎకరం ముందు 'తరి' అని ఉంది. కాలేజీలో ఓ సహాధ్యాపకుడు అది చూసి "కేంద్ర నిబంధనలు వర్తిస్తాయి, జాగ్రత్త" అని నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. తరి అంటే నీటిపారుదల ఉన్న భూమి అని ఆయనకెవరు చెబుతారు? ఒక్క ఇంగ్లీషుమాట రెండు తెలుగుమాటల ఇంట్లో దూరి చేసిన రగడ అది.

కేంద్రం నిబంధన తప్పుకున్నంత మాత్రాన చిన్నాన్నకు దారి దొరకలేదు. చెరువుకు పూర్తి నీటిమట్టమని ఒక గీత ఉంటుంది, ఎఫ్.టి.ఎల్. అంటారు. ఆ గీత లోపల పట్టా ఉన్నా, నీళ్లు లేనప్పుడు పంట వేసుకోవచ్చు. పూడ్చకూడదు, కట్టడం కట్టకూడదు, నీటిని ఆపకూడదు. గీత బయట కూడా కట్టడాలకు కొంత జాగా వదలాలి. చెరువు పది హెక్టార్లకు మించితే ముప్పై మీటర్లు, తక్కువైతే తొమ్మిది. చిన్నాన్న తవ్వేది గుంటే అయినా, దాని చుట్టూ లేచే గట్టు అరెకరం నీటిని కుంటలోంచి గెంటివేస్తుంది. ఆ నీరు ఎక్కడికి పోతుంది? పై రైతు చేలోకి.

ఈ మాట చిన్నాన్నకు అర్థమయ్యేలా చెప్పింది నేను కాదు. కుంటలో వల వేసే సంఘం ముసలాయన. ఉగాదికి వెళ్లినప్పుడు ముగ్గురం కట్టమీద కూర్చున్నాం.

"సారూ, ఒక సందేహం" అన్నాడు ముసలాయన. "వానకు కుంట నిండి మీ చిన్నాయన గట్టు మునిగిందనుకో. ఆయన చేపలు మా దాంట్లకు వస్తాయి, మా చేపలు ఆయన దాంట్లకు పోతాయి. మల్ల ఏది ఎవరిదని ఎట్ల చెప్పేది? మీ చేపలకు ముద్ర ఏస్తరా?"

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. సంఘంవాళ్లు కుంటలో వేసేదీ ఆ బొచ్చె, ఆ రవ్వ, ఆ బంగారు తీగే. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఊరి చెరువులకు ఉచితంగా ఇస్తూ వచ్చిన పిల్లలూ అవే. నీళ్లలో కలిశాక తాతలనాటి పట్టా చూపించినా ఏ చేపా వెనక్కి రాదు.

చిన్నాన్న అంతటితో వదిలాడనుకునేరు. వారం తిరక్కుండా ఫోను చేశాడు. ఎవరో ఏజెంటు వచ్చాడట. గుంట చిన్నదైనా చాలునట, నీళ్లు కంపుకొట్టినా చావని చేపట, కోడిమాంసం అంగడి వ్యర్థాలు వేస్తే ఆరునెలల్లో కిలో దాటుతుందట. నాకు వెంటనే తెలిసిపోయింది, అది ఆఫ్రికా క్యాట్‌ఫిష్. మన మార్పు చేపకు చుట్టమే, గుణంలో మాత్రం రాక్షసి. నీళ్లలో ప్రాణవాయువు లేకపోతే తల బయటపెట్టి గాలి పీలుస్తుంది, తడి నేలమీద పాకుతూ పక్క గుంటకు పోతుంది, దొరికిన పిల్లచేపనల్లా మింగుతుంది. మన దేశంలో దాని పెంపకం నిషిద్ధం. "చిన్నాన్నా, 2009 లాంటి నీళ్లు మళ్లీ వస్తే అది నీ గుంటలో ఉంటుందా? తుంగభద్రలోకి పోతుంది. తర్వాత కర్నూలుదాకా బెస్తల నోట్లో మట్టి" అన్నాను. అటువైపు నిశ్శబ్దం. నీళ్లు ఎట్లా వస్తాయో ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇంతవరకూ చిన్నాన్నకు నీతులు చెప్పినవాణ్ని గదా.

మెరక ఎకరంలో, కుంట వైపు మూలలో, ఉద్యోగం విరమించాక చిన్న ఇల్లు కట్టుకోవాలని మా ఇంటావిడా నేనూ పదేళ్లుగా అనుకుంటున్నాం. నీళ్లు కనబడేలా వసారా, రెండు కొబ్బరిచెట్లు. ఎక్కడ గేటు, ఎక్కడ తులసికోట అనేది కూడా ఆవిడ నిర్ణయించేసింది. అసలు చిన్నాన్న గుంట నాకు మింగుడు పడకపోవడానికి అదీ ఒక కారణమేమోనని ఇప్పుడనిపిస్తుంది.

సర్వే చేయించాం. గొలుసు పట్టుకొని కుర్రవాడు నడుస్తుంటే చిన్నాన్న వాడి వెనకే నడిచాడు. పూర్తి నీటిమట్టం గీత సరిగ్గా పల్లం అంచున పోయింది. చిన్నాన్న గుంట స్థలమంతా లోపలే. నేను గంభీరంగా తలూపాను. తర్వాత తొమ్మిది మీటర్లు కొలిచారు. ఆ కుర్రవాడు చివరి కొయ్య దిగగొట్టింది మా తులసికోట చోట!

చిన్నాన్న నా మొహంలోకి చూశాడు. ఒక్కమాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

మెరకలో రాళ్లు తేలిన చోటు పోగా, గీతకూ కొయ్యకూ అవతల పనికొచ్చే జాగా అరెకరం మిగిలింది. నల్లరేగడి, నీరు నిలుస్తుంది. పక్కనే బోరు ఉంది. ఇల్లయినా అక్కడే, గుంటయినా అక్కడే. రెండూ పట్టవు.

ఆ రాత్రి మా ఇంటావిడకు కాగితం మీద గీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి "మనకింకా పదిహేనేళ్ల ఉద్యోగం ఉంది. ఆయన కళ్లకు పదిహేనేళ్లు లేవు" అని దీపం ఆర్పేసింది. తర్వాత చీకట్లోంచి "కొబ్బరిచెట్లు మాత్రం గట్టున వేయమనండి" అని కూడా అంది.

ఎండాకాలంలో తవ్వాం. ఎంత తవ్వాలి, ఏం చెయ్యాలి అనేది చదివి చెప్పడం నా వంతు, చేయడం చిన్నాన్న వంతు. ముందు అడుగున సున్నం చల్లి, పేడ వేసి, నీళ్లు పెట్టాలి. కొన్నాళ్లకు నీళ్లు పచ్చబారతాయి. ఆ పచ్చే పిల్లలకు పాలు. పాత గుంటైతే ఇప్పపిండి వేసి తినే చేపలను ముందే తీసేయాలి, మాది కొత్తది గనుక ఆ బాధ లేదు. బొచ్చె పైనీటిలో తింటుంది, రవ్వ నడిమిటిలో, బంగారు తీగ అడుగున. ఒకరి విస్తరిలో ఒకరు చెయ్యి పెట్టరు. మబ్బుపట్టిన తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి కొత్తనీళ్లు పెట్టాలి. రాత్రంతా నీళ్లలోని ప్రాణవాయువు ఖర్చయిపోయి, పొద్దుటికి అడుగంటుతుంది.

"పిల్లలను కొనేదెందుకు, రెండు పెద్దవి వేస్తే అవే పెట్టవా?" అని చిన్నమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. ఈ జాతులు చాలావరకు పారే నదిలో, వరదనీటిలో గుడ్లు పెడతాయిగాని నిలవనీటి గుంటలో పెట్టవు. పూర్వం నదుల్లో పిల్లలను ఏరి తెచ్చేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు చేప మెదడు కిందుండే గ్రంథిరసం సూదితో ఎక్కించి తల్లిచేపచేత గుడ్లు పెట్టించారు. ఇవాళ దేశంలో ప్రతి చేపపిల్లల అంగడీ ఆ సూది చలవే. చిన్నమ్మ అంతా విని "పాపం, దానికీ సూదేనా!" అంది.

ఆగస్టులో ఓ ఆదివారం పొద్దున ఆరింటికి పిల్లలు వచ్చాయి. వేలెడంతవి, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో. సంఘం ముసలాయనా వచ్చాడు, చూసి పోదామని. సంచి విప్పి గుమ్మరించబోతున్న చిన్నాన్న చెయ్యి ఆయనే పట్టుకున్నాడు. సంచి నీళ్లూ గుంట నీళ్లూ ఒక్క చలికి రావాలి, పావుగంట అట్లాగే తేలనియ్యాలి. లేకుంటే పిల్లలు వణికి చస్తాయి.

ఆ పావుగంట చిన్నాన్న గట్టు మీద నిలబడలేకపోయాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు, గడియారం నాచేత నాలుగుసార్లు చూపించుకున్నాడు. చివరకు మోకాటి లోతు నీళ్లలోకి దిగి సంచిమూతి విప్పి వంచాడు. పిల్లలు ఒక్క క్షణం అక్కడే గుంపుగా నిలిచి, ఒక్కటొక్కటే లోపలికి జారిపోయాయి. ఆయన వంగి, కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"కనపడుతున్నాయా చిన్నాన్నా?" అన్నాను.

"ఎందుకు కనపడవు? జరీపోగు కన్న లావుగున్నాయి గదరా" అన్నాడు. తర్వాత గట్టెక్కుతూ, "వచ్చే ఏడాదికి నీకు ఊరికే ఇస్తాననుకుంటాండవేమో. అంగడి ధరే" అన్నాడు.

మా ఇంటావిడ అప్పటికే రెండు కొబ్బరిమొక్కలు పట్టుకొని, ఎక్కడ తవ్వాలో ముసలాయనను అడుగుతున్నది.